వాడు అటకెక్కించిన మోటారు

ఏమండీ,

నీళ్లలో పడవను ఎత్తి నిలిపే లిఫ్టు చట్రాన్ని ఇవాళే ఒడ్డుకు లాగేయండి, సాయంత్రానికి గాలివాన ఉందట. చేత్తో మాత్రం లాగొద్దు. అటక మీదున్న, తాడు చుట్టుకుంటూ లాగే వించి మోటారు దించి, గట్టు మీది స్తంభానికి నేనే బిగించాను. బ్యాటరీ నిండుగా ఉంది. కొక్కెం లిఫ్టు అడుగు కమ్మీకే తగిలించండి, పైదానికి తగిలిస్తే బోర్లా పడుతుంది. తాడు బిగిశాక దాని దారిలో నిలబడకండి. మళ్లీ నడుం పట్టేసిందంటే కాపడం పెట్టేది లేదు, ముందే చెబుతున్నా.

నేను అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఏటా మీరూ అబ్బాయీ లాగుతుంటే "ఇంకొక్క పట్టు, నాన్నా!" అని వాడు అరిచే అరుపు వంటింట్లోకి వినబడేది. వాడు పోయాక ఇదే మొదటిసారి. మోటారు చప్పుడొక్కటే వింటూ కూర్చోవడం నా వల్ల కాదు. చీకటి పడేలోపు వచ్చేస్తాను.

ఇంకోమాట. ఈ మోటారు నేను మూడేళ్ల కిందటే కొన్నాను. "నేనుండగా ఇదెందుకమ్మా" అని వాడే పెట్టెకు టేపేసి అటకెక్కించాడు. ఆ టేపును కత్తితో కోయలేకపోయాను. గోటితో మెల్లగా ఊడదీసి, వంటింటి కిటికీ అద్దానికి అంటించాను. జిగురులో వాడి బొటనవేలి ముద్ర ఉంది. చూడండి. తాకకండి.