దాపలకు తిప్పు

హైదరాబాద్,
12 జనవరి 2004

ప్రియమైన తిరుపతక్కకు,

చుక్కలు పొడిచి ఉత్తరం రాసి చాలా రోజులైంది. ఈ బ్రెయిలీ నువ్వు నేర్పిందే. తప్పులుంటే నీ హాస్టల్ పిల్లల ముందు చదివి నన్ను నవ్వులపాలు చేయకు.

దీంతోపాటు ఒక సీడీ, చేతిలో వణికే జాయ్‌స్టిక్ పంపుతున్నాను. నేను తయారుచేసిన ఆట. తెర మీద ఏమీ ఉండదు. చెవులతో, చేతులతో ఆడాలి. మన బాపు చెరకు బండిని బోధన్ ఫ్యాక్టరీ గేటు దాకా తోలాలి. ఎడమ చెవిలో దాపటెద్దు గంట, కుడి చెవిలో ఎలపటెద్దు గంట. రెండూ సమంగా మోగితే బండి దారిలో ఉన్నట్టు. చక్రం గుంతలో పడితే జాయ్‌స్టిక్ గజగజలాడుతుంది. దారి తప్పితే మాత్రం నా గొంతు వస్తుంది, "దాపలకు తిప్పు", "ఎలపలకు తిప్పు" అని. ఆఫీసులో ఎడమ, కుడి అని పెట్టమన్నారు. బండి మీద కూర్చుని మనం నేర్చుకున్న మాటలు ఇవే కదా, నేను ఒప్పుకోలేదు.

చూపులేని మనిషి ఒక్కరైనా ఎవరి సాయం లేకుండా గేటు చేరితేనే ఆటను ముందుకు తీసుకెళ్తామని మా సారు అన్నాడు. లేకపోతే మూసేస్తారు. రెండేళ్ల కష్టం అక్కా. ఆ ఒక్కరు నువ్వే కావాలి.

నీ సుమిత్ర


నిజామాబాద్,
25 జనవరి

చిట్టి చెల్లె సుమిత్రకు,

సీడీ చేరింది. హాస్టల్‌లో ఉన్న ఒక్క కంప్యూటర్‌నూ పిల్లల దగ్గర గుంజుకుని కూర్చున్నాను. గంటలు మోగగానే మన బండెక్కి కూర్చున్నట్టే అయింది. సీజన్‌లో బండ్లు వరుసగా పోతుంటే, నువ్వు నా చెయ్యి పట్టుకుని "అగో, లింబయ్య కాక బండి. ఒక్క గడ గుంజాల్నా?" అని గుసగుసలాడేదానివి. బాపు వెనక్కి తిరగకుండానే "ఎవలే గది, గడలు గుంజేది?" అనేవాడు. ఒక్క ఫ్యాక్టరీ మొలాసిస్ మడ్డి వాసనే తక్కువైంది. దాన్ని కూడా ఏ తీగలోంచైనా పంపే ఉపాయం చూడు.

ఆట మాత్రం నాకు చేతకావడం లేదు. నువ్వు దాపలకు తిప్పమంటావు, నేను తిప్పేలోగా బండి కాలువలో ఉంటుంది. మా ఆయా నాగవ్వ నవ్వుతోంది. "పంతులమ్మా, పొద్దంత గా బండి బోల్తగొట్టుడేనా?" అంటుంది.

నువ్వేమీ మార్చకు. ఇంకా ఆడతాను.

నీ అక్క


హైదరాబాద్,
16 ఫిబ్రవరి

అక్కా,

మొన్న ఫోన్‌లో కూడా అదే మాట చెప్పావు. నీకే దారి దొరకలేదంటే లోపం ఆటలోనే ఉంది. సారు ఈ నెలాఖరు వరకే ఆగుతానన్నాడు. నా మొండితనమే కొంప ముంచిందేమో. మా ఆఫీసులో ఒక గుంటూరు అమ్మాయి చేత "ఎడమకు తిప్పండి", "కుడికి తిప్పండి" అని శుభ్రంగా చెప్పించి, నా గొంతంతా తీసేశాను. గంటలను, దారిని ముట్టుకోలేదు.

ఈ కొత్త సీడీతో ఒక్కసారి ఆడు. ఇదీ కాకపోతే వేరే పని చూసుకుంటాను. రాస్తుంటే ఏడుపొస్తోంది.

సుమిత్ర


నిజామాబాద్,
22 ఫిబ్రవరి

నా బంగారు చెల్లీ,

గేటు చేరాను. మొదటి ఆటలోనే. నాగవ్వ పక్కనే ఉంది, సాక్ష్యం కావాలంటే మీ సారును ఫోన్ చేయమను. పాపం ఆ గుంటూరు పిల్లకు నోరు తెరిచే పనే పడలేదు.

ఇప్పుడు నిజం చెప్తాను, కోపం చేయకు. దారి నాకు మొదటి రోజే తెలిసిపోయింది. కానీ సరిగ్గా తోలితే నువ్వు పలకవు కదా. తప్పితేనే పలుకుతావు. నువ్వు పట్నం పోయినప్పటి నుంచి నీ గొంతు ఫోన్‌లో కాసేపు వినబడి తెగిపోతుంది. ఇక్కడ బండి బోల్తాకొట్టినన్నిసార్లు నువ్వు నా పక్కన కూర్చుని "దాపలకు తిప్పు" అంటున్నావు. దారి తప్పకుండా ఎట్లా తోలేదే? కావాలనే కాలువలో వేశాను. మీ సారు మాట మరిచిపోలేదు. ఇంకొక్కసారి విని రేపు గేటు చేరుదాం అనుకుంటూ రోజులు జరిపాను. నువ్వు ఏడుస్తున్నావని చదివాక నా మీద నాకే రోతపుట్టింది.

దారి చెప్పడానికి ఆ అమ్మాయినే ఉంచు. కాకపోతే ఆమె చేత దాపల, ఎలపల అనిపించు, నేర్చుకుంటుంది.

నీ ఆటలో ఒక్కటే నాకు నచ్చలేదు. గేటు చేరగానే సైరన్ మోగి అయిపోయింది. అంత దూరం ఒక్కదాన్నే బండి తోలుకొస్తే పలకరించేవాళ్లు లేరు. చాలా దిగులేసింది. మా పిల్లలకైనా అంతే. నువ్వు గేటు దగ్గర ఉండు. చేరినవాళ్లను "వచ్చినవా?" అని అడుగు. అప్పుడు చూడు, నేను ఒక్కసారైనా దారి తప్పుతానేమో.

నీ తిరుపతక్క