ఆరు నిమిషాల ముక్కలు

సెయింట్ పాల్, మినెసోటా
మార్చి 3, 2019, ఆదివారం

తెల్లవారుజామున ఆర్విడ్‌ని రెండుసార్లు పక్కకు తిప్పడం: 4
స్నానం, బట్టలు: 11
ఉదయం తినిపించడం: 7
దుప్పట్లు ఉతకడం: 5
మెట్ల మీదా, చక్రాల కుర్చీ దిగే వాలుబల్ల మీదా మంచు తీయడం: 8
మధ్యాహ్నం తినిపించడం: 6
మందులు: 2

గౌరవనీయులైన న్యాయవాది కుమారి మైలీ వాంగ్ గారికి లోర్నా బ్రెకె నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ మీరు, మీ అమ్మగారు క్షేమమని తలుస్తాను.

ఇలా మొదలుపెట్టాను గానీ, నాలుగు నెలల పాటు నా వంటింట్లో కూర్చుని నా కాఫీ తాగిన పిల్లని మీరు అనడం నాకు చేతకావడం లేదు. నువ్వనే రాస్తాను. కోపం వస్తే రానీ. మన మధ్య కోపాలు కొత్త కాదు.

పైన రాసిన లెక్క చూశావుగా. మధ్యాహ్నం రెండయ్యేసరికి నలభై మూడు ముక్కలు. గంటని పది ముక్కలు చేసి, ముక్కకి ఆరు నిమిషాల చొప్పున రాయడం నువ్వు నేర్పిందే. మీ లాయర్లందరూ అలాగే బతుకుతారని చెప్పావు. కేసు అయిపోయింది గానీ అలవాటు పోలేదు. కిందటి ఆదివారం చర్చిలో పాదిరిగారి ప్రసంగాన్ని కూడా నాలుగు ముక్కలని లెక్కపెట్టుకున్నాను.

ముందు కబుర్లు. తీర్పు ప్రకారం ఆర్విడ్‌కి వారానికి యాభై గంటల సహాయం తిరిగి వచ్చింది. కాగితం మీద. ఏజెన్సీ వాళ్ళకి మనుషులు దొరికింది ముప్పై ఒక్క గంటలకే. ఆదివారం ఎవరూ రారు. మా ఆయన కర్ట్ లారీ తీసుకుని డులూత్ దాటి వెళ్ళాడు, బుధవారానికి గానీ రాడు. ఆర్విడ్‌కి ఎన్ని గంటల సహాయం కావాలో ఆగస్టులో మళ్ళీ పరీక్షించడానికి మనిషిని పంపుతామని ప్రభుత్వ కార్యాలయం నుంచి అప్పుడే ఉత్తరం వచ్చింది. దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించాను. పాలు తీసిన ప్రతిసారీ చూస్తున్నాను.

ఆ మాటకొస్తే ఇదంతా కిందటి ఆగస్టులో ఆ పరీక్షకి వచ్చినావిడతోనే మొదలైంది. మా తమ్ముడు ఆర్విడ్‌కి కండరాలు కరిగిపోయే జబ్బు, పదకొండేళ్ళుగా నా దగ్గర ఉంటున్నాడు, ఇప్పుడు మెడా, కుడిచేతి రెండు వేళ్ళూ తప్ప ఏమీ ఆడవు అని ఆవిడకి చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఇంటికి మనిషి వస్తోందని తెల్లవారకముందే లేచి ఇల్లంతా తుడిచాను. ఆర్విడ్‌కి గడ్డం గీసి నీలం చొక్కా తొడిగాను. వాణ్ణి ఎత్తే యంత్రం చూడ్డానికి బాగుండదని గదిలోకి తోసేశాను. ఆపిల్ కేకు చేశాను. ఆవిడ స్నానం ఎలా చేయిస్తారండీ అంటే పర్వాలేదండీ అన్నాను. రాత్రిళ్ళు లేవాల్సి వస్తుందా అంటే పర్వాలేదండీ అన్నాను. మీకు కష్టంగా ఉందా అంటే ఇంకో ముక్క కేకు పెట్టాను. మా అమ్మ ప్రసవానికి పోతూ కూడా పర్వాలేదనే అంది. మా వాళ్ళం అందరం అంతే.

యాభై గంటలు పద్దెనిమిదికి దిగిపోయాయి. చాలకపోతే సంరక్షణ కేంద్రంలో చేర్చుకోవచ్చని ఆ కాగితంలోనే రాశారు. ఆ కేంద్రం నేను చూశాను. నలభై మందికి రాత్రి ఇద్దరే మనుషులు. రెండు వేళ్ళు మాత్రమే ఆడే మనిషి గంట నొక్కితే ఎవరు ఎప్పుడు వస్తారు?

ఉచిత న్యాయ సహాయ కార్యాలయం వాళ్ళు మమ్మల్ని మీ సంస్థకి పంపినప్పుడు, ఆ ముప్పై మూడో అంతస్తులో, అంత నున్నటి బల్ల ముందు కుర్చీ అంచున కూర్చున్నాను. ధాన్యం కంపెనీలు ఒకదాన్నొకటి కొనుక్కునే కాగితాలు రాసే ఆఫీసు అది. మా కేసు ఎవరు చూస్తారనుకున్నాను. నువ్వు వచ్చావు. ముప్పై ఏళ్ళుంటాయేమో. పరీక్ష రిపోర్టు మొత్తం చదివి, పెన్నుతో గీతలు గీసి, లోర్నా గారూ, ఇందులో పర్వాలేదన్న మాట ఏడుసార్లుంది, మీరు ఫీజు తీసుకోకుండా వాళ్ళ తరఫున కేసు వాదించేశారు అన్నావు. ఆర్విడ్ అంతగా నవ్వడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. అప్పట్నుంచీ నువ్వు వాడికి లాయరమ్మవి.

ఆ తర్వాత అక్టోబరు ఇరవై, శనివారం. నా నోటుపుస్తకం నిజమో కాదో చూస్తానని వాచీ పెట్టుకుని వచ్చి మా ఇంట్లో కూర్చున్నావు. స్నానానికి నేను మూడు ముక్కలని రాస్తున్నాను. నీ వాచీలో పదకొండు వచ్చాయి. ఇదేమిటండీ అన్నావు. వేగంగా చేసిన రోజు అంతే పడుతుందమ్మా అన్నాను. ఎప్పుడు చేశారు అలా, తేదీ చెప్పండి అన్నావు. ఇరవై ఆరేళ్ళుగా పాల ఖర్చు కూడా సెంటు తేడా రాకుండా రాసుకునే నేను, నా పని దగ్గరకొచ్చేసరికి కోత పెడుతున్నానని నువ్వు పట్టుకున్నావు. మధ్యలో ఆర్విడ్ ఊరుకుంటాడా! చూశారా లాయరమ్మా, నూట డెబ్బై పౌన్ల మనిషిని మూడు ముక్కల్లో కడిగేస్తుందట, నేనేమన్నా కాఫీ కప్పునా అన్నాడు. నీ ముఖం మాత్రం నవ్వలేదు. తక్కువ రాయడం కూడా అబద్ధమేనండీ, దాంతో ఎవరో ఒకరు నష్టపోతారు అన్నావు. నేను రబ్బరు తీసుకుని అన్నీ చెరిపి మళ్ళీ రాశాను.

ఇక జనవరి పదిహేను సంగతి. రాయక తప్పదు.

విచారణలో నన్ను ఏమేమి అడుగుతావో ముందే చెప్పి, జవాబులు నాలుగుసార్లు చెప్పించావు. స్నానం, రాత్రిళ్ళు, ఎత్తే యంత్రం, నా వెన్నునొప్పి. అన్నీ సరిగ్గానే చెప్పాను. కూర్చోబోతుంటే ఇంకొక్క ప్రశ్న అన్నావు. అది ఎప్పుడూ చెప్పించనిది. లోర్నా గారూ, ఇలాగే ఇంకా ఎంతకాలమైనా చేయగలరా అని అడిగావు. ఆర్విడ్ నాకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. వాడికి లేచి బయటికి వెళ్ళే వీలు కూడా లేదు. కుర్చీ ఎక్కడ పెడితే అక్కడే ఉండాలి. చెయ్యెత్తి ప్రమాణం చేసి ఉన్నాను. పర్వాలేదు అందామని నోరు తెరిచాను. లేదండీ, చేయలేను అని వచ్చింది. అలిసిపోయానండీ అని కూడా వచ్చింది.

లిఫ్టు దగ్గర నిన్నేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. నా తమ్ముడి ముందు నన్ను వలిచి కూర్చోబెట్టావు, కేసు గెలవడానికి వాడి గుండె కోశావు, ఇక మా గడప తొక్కకు అన్నాను. నువ్వు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. లిఫ్టు వచ్చినా ఎక్కకుండా నిలబడ్డావు. తీర్పులో ఆ మాటే రాశారని, దాని వల్లే గంటలు తిరిగొచ్చాయని తెలిశాక కూడా నేను ఫోన్ చేయలేదు. ఏడు వారాలైంది. నిజం చెబుతున్నాను, ఆ ప్రశ్నని నేను ఇంకా క్షమించలేదు.

మరి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కిందటి మంగళవారం మీ సంస్థ నుంచి మందపాటి కవరు వచ్చింది. కేసు ముగిసింది, మీరు చెల్లించవలసినది సున్న అని ఉత్తరం. దాని వెనక, పొరపాటున కాబోలు, నీ గంటల పట్టీ కూడా పెట్టారు. ఏ రోజు ఎన్ని ముక్కలు పని చేశావో అంతా ఉంది. లెక్కల కాగితం చేతికొస్తే నేను చూడకుండా పక్కన పెట్టే మనిషిని కాదని నీకు తెలుసు. నోటుపుస్తకం తీసి పక్కపక్కన పెట్టుకున్నాను.

అక్టోబరు ఇరవై. నా పుస్తకంలో, తొమ్మిది గంటల ఆరు నిమిషాలకి వచ్చావు, నాలుగున్నరకి వెళ్ళావు. డెబ్బై నాలుగు ముక్కలు. నీ పట్టీలో పన్నెండు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు ఫోన్లో రిపోర్టు అంతా చదివి వినిపించిన రోజు, నా పుస్తకంలో పంతొమ్మిది. నీ పట్టీలో అసలు వరుసే లేదు. నేను కళ్ళారా చూసిన రోజులు మాత్రమే కూడితే రెండువందల పదిహేను ముక్కలు తక్కువ. నేను చూడనివి ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. మొత్తం కింద మాత్రం తొంభై తొమ్మిది గంటల ఎనిమిది ముక్కలని ఉంది. నూరుకి సరిగ్గా రెండు ముక్కలు తక్కువ.

టైపు తప్పేమోనని మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నీ గదికి ఎదురుగా కూర్చునే బెర్నిస్ గారు తీశారు. తప్పేమీ కాదమ్మా, ఆ పిల్ల అలాగే రాస్తుంది అన్నారు. ఉచిత కేసు ఒకటి వంద గంటలు దాటితే పైవాళ్ళ అనుమతి కావాలట, అడగడానికి వెళితే కేసుని ఎక్కడికక్కడ తేల్చేయమంటారట. మమ్మల్ని ముప్పై గంటలతో రాజీ పడమనేవాళ్ళేమో. డబ్బులొచ్చే పని వెనకబడిందని నీ మీద మాట కూడా పడిందట కదా. ఆ పని ఆదివారాలు వచ్చి చేసుకున్నావట. ఆవిడ ఇవన్నీ చెప్పకూడదేమో, ఆవిణ్ణేమీ అనకు. మైలీ ఎలా ఉందండీ అని అడిగాను. ఏముంది, ఎప్పుడడిగినా పర్వాలేదంటుంది, మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి పడుకుంటుంది అన్నారు.

ఫోన్ పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎన్ని ముక్కలో రాసుకోలేదు.

అమ్మాయ్, తక్కువ రాయడం కూడా అబద్ధమేనని నా చేత రబ్బరు పట్టించింది నువ్వు. అందుకని ఇందులో ఒక కాగితం పెడుతున్నాను. నేను చూసిన రోజులు, నువ్వు వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, ముక్కల లెక్క అన్నీ వరుసగా రాసి కింద సంతకం చేశాను. పైవాళ్ళకి చూపించుకుంటావో, చించేస్తావో నీ ఇష్టం. చూపిస్తే నీకు మేలో కీడో నాకు తెలియదు. నువ్వు చేసిన పని చేసినట్టుగా ఒక్క చోటైనా రాసి ఉండాలని రాశాను. ఇంతకంటే నేను ఇవ్వగలిగింది ఆపిల్ కేకు ఒక్కటే, అది పోస్టులో నలిగిపోతుంది.

నువ్వు కాస్త నిద్రపో. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే, ఎలా ఉన్నావో అది చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే
లోర్నా బ్రెకె

తా.క.: సాయంత్రం ఐదున్నర. సూప్ తినిపిస్తూ ఈ ఉత్తరం ఆర్విడ్‌కి చదివి వినిపించాను. ఇంట్లోంచి వెళ్ళే ఉత్తరాలన్నీ విని వంకలు పెట్టడం వాడికి సరదా. లిఫ్టు దాకా వచ్చేసరికి సూప్ వద్దని తల అడ్డంగా ఊపాడు. అక్కా, ఆ ప్రశ్న లాయరమ్మది కాదు, నాది అన్నాడు.

విచారణకి ముందు శుక్రవారం నేను బయట మంచు తీస్తుంటే, సహాయానికొచ్చిన అమ్మాయి చేత చెవి దగ్గర ఫోన్ పట్టించుకుని నీతో మాట్లాడాడట. నేనడిగితే పర్వాలేదంటుంది, చెయ్యెత్తి ప్రమాణం చేయించి మీరు అడగండి అన్నాడట. దాని వల్ల మీరిద్దరూ బాధపడతారేమోనని నువ్వు చెప్పావట. పదకొండేళ్ళుగా అక్క ఒంట్లోంచి నేను ఎంత తింటున్నానో నాకు తెలియాలి అన్నాడట. అడగమన్నది తనేనని నాకు చెప్పొద్దన్నాడట. మీరు నా క్లయింటు, మీరు చెప్పమనే దాకా నా నోటి నుంచి రాదు అన్నావట. లిఫ్టు దగ్గర నువ్వు అందుకే నోరు మెదపలేదన్నమాట.

ఏడు వారాలు ఎందుకు దాచావురా అని అడిగాను. నువ్వు ఆవిడ మీద కోపంగా ఉన్నంతకాలం నా మీద ఉండవుగా, నాకు తినిపించేది నువ్వేగా అన్నాడు. సూప్ గరిటె వాడి మీదికి ఎత్తాను గానీ, వాడి బట్టలు మార్చడానికి మళ్ళీ నాలుగు ముక్కలు పడతాయని దించాను. కాసేపటికి వాడే అన్నాడు, ఆ రోజు నువ్వు చేయలేనన్నావు చూడు, అది విన్నాక నాకు భయం తగ్గిందక్కా, అంతకుముందు నువ్వు ఎప్పుడు కూలిపోతావో తెలిసేది కాదు అని.

పై ఉత్తరంలో ఆ ప్రశ్నని క్షమించలేదని రాశాను. కొట్టేద్దామనుకున్నాను గానీ, రాసింది చెరపకూడదని అలాగే ఉంచుతున్నాను. నా పుస్తకంలో నీ పేరున ఈ ఒక్క వరుస వేశాను.

జనవరి 15, లిఫ్టు ముందు అన్న మాటలకి మైలీ వాంగ్‌కి బాకీ: క్షమాపణ.
మార్చి 3, ఈ ఉత్తరంతో: చెల్లు.