ఆ రోజే జవాబు

మార్కాపురం, శుక్రవారం

పొద్దున కాస్త మబ్బు పట్టింది గానీ చినుకు పడలేదు. షెడ్డులో పలకలకు చెక్క ఫ్రేములు బిగించి, మధ్యాహ్నానికి పార్సిళ్లు కట్టాం. ఇప్పుడు వైజాగ్ నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయంటే అది మా మేనమామ కూతురు సుజాత చలవే. రోజూ పలక మీద ఒక అక్షరం దిద్దుతూ నెట్‌లో మా పలకల పేజీలో వీడియో పెట్టింది. పిల్లల మొదటి రాత ఫోటోలు పంపమని కొన్నవాళ్లను అడిగింది. ఎవరేమడిగినా ఆ రోజే జవాబివ్వాలన్నది తన నియమం. ఆ పేజీ చూసి బెంగళూరు కంపెనీ ఒకటి తనను ఉద్యోగానికి పిలిచింది.

సాయంత్రం ఫోన్ నా చేతికిచ్చింది.

“రేపట్నుంచి వీడియోల్లో నువ్వే మాట్లాడాల బావా.”

“నాకు మాటలు రావు.”

“తెలిసిందేలే. నీకన్నా పలకే నయం, రాసింది చూపిస్తాది.” సంచి భుజానికి తగిలించుకుని అడిగింది. “పొమ్మంటావా, ఉండమంటావా?”

ఉండమనాలనే ఉంది. మంచి ఉద్యోగం, నా మూలంగా పోతే ఎట్లా.

“బస్సుకు టైమవుతాంది” అన్నాను.

ఇందాక పేజీలో అడిగినవాళ్లందరికీ జవాబులు పెట్టాను. సుజాతకు రాయబోయి ఆగిపోయాను.

ఏడు గంటల బస్సుకు వెళ్లింది.