చెంప నీడలో ఆకుపచ్చ

జూన్ 3
ఆయిల్ పెయింటింగ్ క్లాసులో చేరాను. చేరాననడం మర్యాదకి. మనవరాలు చేర్పించింది. నేనూ నా తోటికోడలూ పగలంతా ఒకే హాల్లో ఉంటే గోడల సున్నం రాలుతోందిట.

మాస్టారికి వెనక పిలక ఉంది. ఈ వయసులో పూలకుండీ బొమ్మ కాపీతో మొదలెట్టండి బామ్మగారూ అన్నాడు. గోడ మీది ప్రింటు చూపించాను. ఎవరో ఇంప్రెషనిస్టు చిత్రకారుడు వేసిన ఆడమనిషి. గదిలో కిటికీ పక్కన, ఒళ్ళో కుట్టుపని, మొహం సగం వెలుగులో. అదే కాపీ చేస్తానన్నాను. నవ్వాడు. క్లాసు వాళ్ళ నెలాఖరు ఎగ్జిబిషన్లో గోడకి తగిలించి చూపిస్తానని అందరి ముందూ అనేశాను. ఇక తప్పదు.

జూన్ 9, ఉదయం
ఇంట్లో సరైన వెలుగున్నది ఒక్క కిటికీకే. దాని కింద కుర్చీ, కుర్చీలో తోటికోడలు, ఆవిడ చేతిలో గళ్ళనుడికట్టు. కాస్త జరగమన్నాను. లైటు వేసుకో అక్కయ్యా, నీ చత్వారానికి సూర్యుడైతేనేం బల్బైతేనేం అంది.

కాలేజీలో బోటనీ చెప్పిన దాన్ని నేను. ఈవిడ పెళ్ళయ్యాక నా పాత పుస్తకాలతోనే పరీక్షలు కట్టి, నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది. మా అత్తగారు పోయేదాకా ఆ మార్కులు వింటూనే ఉన్నాను. అప్పుడు నిక్కిన ఈవిడ మెడ ఇప్పటికీ దిగలేదు.

కాన్వాసు నిలబెట్టే ఈజిల్ మూలకి పెట్టుకున్నాను.

జూన్ 10
టర్పెంటైన్ వాసనకి తలనొప్పని మూలిగింది. సీసా మూత తీసే ఉంచాను.

జూన్ 15
గౌను వచ్చింది. కర్టెన్ వచ్చింది. మొహమే మైదాముద్ద.

ప్రింటు చూసి వేస్తే చర్మం రంగు రాదన్నాడు పిలక మాస్టారు. కాగితం మీద సిరా తప్ప నెత్తురుండదుట. అలాంటి వెలుగులో బతికున్న మొహాన్ని చూడండి, చెంప నీడలో ఆకుపచ్చ కనిపిస్తుంది అన్నాడు. మొహానికి ఆకుపచ్చేమిటి నాయనా, పాచి పట్టిందా అన్నాను.

అలాంటి వెలుగు ఎక్కడుందో, అందులో ఎవరు తిష్ఠ వేశారో ఆయనకేం తెలుసు.

జూన్ 18
చూశాను. ఉంది. దవడ మలుపులో, పలచగా. ఇన్నేళ్ళూ ఆ మొహాన్ని తిట్టడానికి చూశానే గానీ చూడ్డానికి చూడలేదు.

ఏమిటక్కయ్యా ఆ గుడ్లప్పగించడం, నా మొహాన ఏమన్నా రాసుందా అంది. గళ్ళలో తప్పు రాశావేమోనని చూస్తున్నానన్నాను. వెంటనే రబ్బరు తీసి చెరుపుకుంది. ఒప్పే రాసింది పాపం. ప్రాణం హాయిగా ఉంది.

జూన్ 24
దొంగచూపులు చూడ్డం, వెయ్యడం, గుడ్డతో తుడవడం, మళ్ళీ చూడ్డం. ఇవాళ మొహంలోకి నెత్తురొచ్చింది. అన్నం సంగతే మర్చిపోయాను.

జూన్ 27, సాయంత్రం
కాన్వాసు క్లాసుకి మోసుకెళ్ళాను. మాస్టారు వంగి దగ్గరగా చూశాడు. మొహం అద్భుతంట. కానీ ప్రింటులో మనిషి కాదుట. ఎగ్జిబిషన్ కాపీలకి మాత్రమేట. రంగు ఇంకా తడిగానే ఉంది, మొహం మటుకు గీకేసి ప్రింటు ప్రకారం వేసెయ్యండి, గోడ మీద మీ చోటు మీకుంటుంది అని పాలెట్ నైఫ్ చేతికిచ్చాడు.

చెంప దాకా తీసుకెళ్ళాను. ఆ మొహాన్ని గీకెయ్యాలని నాకు ఎన్నాళ్ళుగా ఉందో దేవుడికే ఎరుక. తీరా చేతికి కత్తి వస్తే చెయ్యి కదల్లేదు. ఆవిణ్ణి అనాలంటే నేననాలి, చెరపాలంటే నేను చెరపాలి. మధ్యలో ఈ పిలకాయనెవరు? నా చోటు ఇంకెవరికైనా ఇచ్చుకోమన్నాను.

పూలకుండీల బ్యాచంతా గోడకెక్కుతుంది. నేను నా తడి కాన్వాసుతో టాక్సీ ఎక్కాను.

జూన్ 28
తోటికోడలు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది. నా ముక్కు అంత లావా, పగబట్టి వేశావా అంది. అడక్కుండా వాడుకోడానికి నా మొహం నీ పుట్టింటి సొత్తా అని కూడా అంది. మనవరాలు అచ్చం చిన్నబామ్మే అని చప్పట్లు కొట్టి ఇద్దరి చేతా తిట్లు తింది.

పగ ఉంది గనకే ఉన్న ముక్కు ఉన్నట్టు వేశానన్నాను. ప్రేమే ఉంటే కాస్త సన్నం చేసేదాన్ని.

జూన్ 30
ఎగ్జిబిషన్ ఇవాళే. వెళ్ళలేదు.

మొహం మళ్ళీ నాకు చిక్కకుండా ఆవిడ కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంది. చూద్దును గదా, వీపుక్కూడా పొగరే. కొత్త కాన్వాసు బిగించాను.