కోల్ క్రీక్ నుంచి బర్ట్

అక్టోబర్ 14

సూపర్‌మార్కెట్‌లో చీజ్ కోసం నిలబడ్డాను. నా ముందు ఇద్దరు మగవాళ్ళు. ఇద్దరి నెత్తినా కొంగ బొమ్మ టోపీలు. టోలివర్ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ పేరు కొంగలు. ఈ ఊళ్ళో పిల్ల పుడితే పేరు పెట్టే ముందు ఆ టోపీ పెడతారు.

ఈసారి కాన్ఫరెన్స్‌లో, అంటే చుట్టుపక్కల కాలేజీల లీగ్‌లో, మనం తొమ్మిదో స్థానమా, పదో స్థానమా అని వాదన. ఉన్నవే పది టీములు. ఒకడు తొమ్మిది అన్నాడు. రెండోవాడు, "పది కింద ఇంకేమన్నా ఉంటే అదీ మనదే. ఆ హోక్‌స్ట్రాగాడు ఇల్లంతా ఊడ్చిపెట్టి పోయాడు కదా" అన్నాడు. అని, వెనక్కి తిరిగి నన్ను చూశాడు. రుచి చూడమని కొట్టువాళ్ళిచ్చిన చీజ్ ముక్క చేతిలో ఉంది. దాన్ని నోట్లో వేసుకుని నములుతూ, "లైల్ బాగున్నాడామ్మా?" అని అడిగాడు.

లైల్ హోక్‌స్ట్రా నా మొగుడు. చీజ్ కొనకుండా వచ్చేశాను.

అక్టోబర్ 19

రాసుకుంటేనన్నా కడుపులో మంట తగ్గుతుందేమో.

పదకొండేళ్ళు ఈ టీమ్‌కి కోచ్‌గా ఉన్నాడు లైల్. మూడుసార్లు కాన్ఫరెన్స్ గెలిపించాడు. అప్పుడు మా ఇంటి ముందు కేకులు పెట్టి వెళ్ళేవాళ్ళు. తర్వాత రెండేళ్ళు వరసగా ఓడారు. మార్చిలో పీకేశారు. ఆటగాళ్ళు తలో కాలేజీకి ఎగిరిపోయారు. జెరెల్ విట్లో అనే కుర్రాడొక్కడే మిగిలాడు. కొత్త కోచ్ ట్రెంట్. నిన్నటిదాకా లైల్ కింద పనిచేసినవాడే. మా బల్ల దగ్గర తిన్నవాడే. ఇప్పుడు మా కారు కనిపిస్తే ఫోన్ తీసి చూసుకుంటాడు.

దీన్నంతా "పునర్నిర్మాణం" అంటున్నారు. వంతెనేదో కూలినట్టు.

వేరే ఊరు పోదామన్నాను. నువ్వు క్లినిక్ వదిలేస్తావా అన్నాడు. నత్తి పిల్లలకి మాటలు నేర్పడం నా పని. ఏ ఊళ్ళోనైనా నత్తి పిల్లలుంటారు అన్నాను. వినలేదు. పెరట్లో ఆకులు ఊడుస్తున్నాడు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తున్నాడు.

అక్టోబర్ 28

ఈ రోజు ఆకులు కూడా ఊడ్వలేదు.

నవంబర్ 6

ఆటలింకా మొదలవక ముందే విలేకర్లంతా ఓట్లేసి చెప్పారు. మనది పదో స్థానం.

సాయంత్రం రేడియోలో కిప్ రాండల్ షో. ఊళ్ళోవాళ్ళు ఫోన్లు చేసి టీమ్ గురించి వాగే గంట. లైల్ గ్యారేజీలో కూర్చుని వింటాడు. వంటింట్లోకి నాకూ వినపడుతుంది. తొమ్మిదని ఒకడు, ఎనిమిదని ఒకడు, నీకు మతిపోయిందిరా అని ఇంకొకడు. డిఫెన్స్ అంటే ఒంటికాలి మీద కొంగజపం కాదయ్యా, చేపలు పక్కనుంచే పోతున్నాయి అని ఒక పెద్దాయన. దానికి కిప్ పగలబడి నవ్వాడు.

తివాచీల షాపు డెల్ స్టంఫ్ రోజూ ఫోన్ చేస్తాడు. ఈ రోజు జెరెల్ మీద పడ్డాడు. "అందరూ పోతే వాడొక్కడే ఎందుకున్నాడు? ఎవడూ రమ్మనలేదు కనక. నిన్నటి సూపుని మళ్ళీ వేడిచేసి పోస్తే తాగుతామా మనం?" అన్నాడు.

పందొమ్మిదేళ్ళ పిల్లవాడి గురించి యాభై దాటినవాడు అన్న మాట.

నవంబర్ 16

వరసగా మూడు ఓటములు. మూడింటికీ కారణం జెరెల్ అట.

ఆదివారాలు వాడు మా ఇంటికి భోజనానికి వస్తాడు. మొదటి ఏడాది నుంచీ అలవాటు. బీఫ్ రోస్టు రెండుసార్లు వడ్డించుకున్నాడు. జనం నెట్‌లో రాసేవి చదువుతున్నావా అని అడిగాను.

"నేను చదవను మేడమ్. మా అమ్మ చదువుతుంది" అన్నాడు.

లైల్ ప్లేట్ తీసుకుని లేచి సింక్ దగ్గరికి పోయాడు. చాలాసేపు కుళాయి తిప్పి ఉంచాడు.

నవంబర్ 24

క్లినిక్ బయట కారులో ఉన్నాను. రేడియో ఆన్ చేస్తే డెల్ అప్పుడే లైన్ దిగాడు, ఇంకొకడు ఎక్కాడు. పక్క ఊరు కోల్ క్రీక్ నుంచి బర్ట్ అట. మొదటిసారి చేస్తున్నాడట.

రెండో వాక్యానికే తెలిసిపోయింది. గొంతు కాస్త బొంగురు చేశాడు, అంతే. ఊపిరి తీసుకునే చోట్లు అవే. ఇరవై తొమ్మిదేళ్ళుగా పక్కన పడుకున్న మనిషి.

"ఆ పిల్లాణ్ణేమంటారయ్యా. వాడికి నేర్పినవాణ్ణి అనండి. ఆ హోక్‌స్ట్రా ఉన్నాడే, కుక్కని కూర్చోమంటే అది లేచి పరిగెడుతుంది. పదకొండేళ్ళు మన నెత్తిన కూర్చోబెట్టుకున్నాం. తప్పు మనది" అన్నాడు.

ఎంత సంబరమో వాళ్ళకి. వెంటనే నలుగురు ఫోన్ చేసి బర్ట్ చెప్పింది నిజమన్నారు. కిప్, "బర్ట్, నువ్వు మనవాడివయ్యా" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. ఈల వేస్తున్నాడు. ఏమిటిది లైల్ అన్నాను. కత్తి ఆపలేదు.

"వాళ్ళకి కొరకడానికి ఏదో ఒకటి కావాలి మార్లిస్. నన్ను కొరకనీ. నన్నెలాగూ పీకేశారు. వాణ్ణి వదిలేస్తారు" అన్నాడు.

ఎంత అసహ్యమేసిందో, అంత ముద్దొచ్చాడు కూడా. అది రాయకపోతే అబద్ధమవుతుంది.

డిసెంబర్ 9

బర్ట్ ఇప్పుడు రోజూ చేస్తున్నాడు. బర్ట్ రాకపోతే ఏడని అడుగుతున్నారు. మధ్యాహ్నమే జోకులు తయారుచేసుకుంటాడు. అద్దం ముందు అనుకుని చూసుకుంటాడు. విన్నాను.

జెరెల్ వాళ్ళమ్మ వనీటా ఫోన్ చేసింది. పిల్లాడి మీద రాతలు తగ్గాయట, రాత్రిళ్ళు నిద్ర పడుతోందట. "ఎవరో బర్ట్ అట, దేవుడు చల్లగా చూడాలి. కానీ కోచ్‌ని మరీ అంతలేసి మాటలనకూడదమ్మా. అవి మనసులో పెట్టుకోవద్దని ఆయనకి చెప్పండి" అంది.

చెప్పాను. లైల్ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

డిసెంబర్ 18

ఈ రోజు బర్ట్ ఒక కథ చెప్పాడు. "ఆ హోక్‌స్ట్రా అత్తగారు పోతే, పాస్టర్ ప్రార్థన ముగించకుండానే కారెక్కేశాడయ్యా. ఎక్కడికో తెలుసా? ఏడడుగుల కుర్రాణ్ణి టీమ్‌కి ఒప్పించడానికి. ఆ కుర్రాడు వేరే కాలేజీకి పోయాడు! ముసలావిడా పోయింది, కుర్రాడూ పోయాడు!"

కిప్ బల్ల చరిచిన చప్పుడు రేడియోలో వినపడింది.

మా అమ్మ. ఆ రోజు శవపేటిక దించుతుంటే నా పక్కన ఖాళీ. బంధువులు అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పాను. నిజం మా ఇద్దరికే తెలుసు. తొమ్మిదేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు ఊరంతా చెప్పుకుని నవ్వుకుంది.

గ్యారేజీలోకి వెళ్ళాను. "పిల్లాడి కోసమే కదా" అన్నాడు. మా అమ్మకీ జెరెల్ ఫ్రీ త్రోలకీ ఏమిటి సంబంధం అన్నాను. అతని ముఖం ఇంకా వెలుగుతోంది, నవ్వించి వచ్చినవాడి ముఖంలా.



డిసెంబర్ 25

హామ్ మాడింది. ఇద్దరం తిన్నాం.

జనవరి 17

కాన్ఫరెన్స్ ఆటలు మొదలయ్యాయి. రెండు గెలిచారు. చాలు, ఊరికి పిచ్చెక్కింది. పదో స్థానమన్నవాళ్ళే ఐదంటున్నారు. డెల్ అయితే టైటిలే అన్నాడు. జెరెల్ ఇప్పుడు వాళ్ళ బంగారం. డెల్ షాపు గాజు మీద వాడి జెర్సీ నంబరు పెయింట్ చేయించాడు. క్లినిక్‌కి పోతూ రోజూ చూడాలి.

ఫిబ్రవరి 2

ఐదు ఓడారు. డెల్ గాజు తుడిచేశాడు.

ఫిబ్రవరి 12

కిప్ షో ఈ వారం రేడియో స్టేషన్‌లో కాదు, చికెన్ వింగ్స్ హోటల్లో, జనం మధ్య. బర్ట్ తప్పకుండా రావాలని వారం రోజులుగా పిలుస్తున్నాడు. లైల్ వెళతానన్నాడు. ముఖానికి ఏం తగిలించుకుంటావు అన్నాను. ఏమీ లేదు, ఇదే ముఖం అన్నాడు. వాళ్ళ ముఖాలు చూడాలని ఉందన్నాడు. నాకూ ఉంది. నిజం.

అతని మోకాలు బాగోలేదు. నేనే కారు నడిపాను.

కిక్కిరిసి ఉంది. ఎముకలు, సాస్ మరకలు, బీరు. కిప్ మైకులో, "బర్ట్ వచ్చాడా?" అన్నాడు. లైల్ కోటు విప్పి నాకిచ్చి, నడుచుకుంటూ వెళ్ళి మైకు ముందు కూర్చుని, ఆ బొంగురు గొంతుతో, "కోల్ క్రీక్ నుంచి బర్ట్‌ని" అన్నాడు.

కిప్ నోరు తెరిచి మళ్ళీ మూశాడు.

డెల్ లేచాడు. "అంటే చలికాలమంతా మమ్మల్ని వెధవల్ని చేశావన్నమాట."

"నేను లైల్ హోక్‌స్ట్రా గురించి అన్న ప్రతి మాటకీ నువ్వు అవునన్నావు డెల్. ఇప్పుడు నా ముఖం మీద ఒక్కటి అను. ఏదైనా పర్లేదు" అన్నాడు లైల్.

ఇన్నాళ్ళూ ఈ మాట కోసమే ఇదంతా చేశాడేమో అనిపించింది. అమ్మ సంగతి కూడా ఒక్క క్షణం మర్చిపోయాను.

డెల్ చేతిలో వింగ్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత నవ్వాడు. వచ్చి లైల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ముసలి నక్కా! ఇట్లాంటోడివని తెలిస్తే నిన్ను పీకనిచ్చేవాళ్ళమా?" అన్నాడు. చప్పట్లు. ఈలలు. తర్వాత ఫోటోలకి వరస కట్టారు. పీకేయాలని మా ఇంటి ముందు బోర్డు పాతిన మనిషి కూడా ఆ వరసలో ఉన్నాడు.

లైల్ నవ్వుతూ నిలబడ్డాడు. ఒక్కొక్కళ్ళతో. ఒకామె కళ్ళు మూసుకుందంటే ఇంకోటి తీద్దామని అతనే పిలిచాడు.

కోటు కుర్చీలో పడేసి వెళ్ళి కారులో కూర్చున్నాను.

ఫిబ్రవరి 16

రేడియోవాళ్ళు శుక్రవారాల్లో కిప్ పక్కన కూర్చోమన్నారు. సరేనన్నాడు. నన్నడగలేదు.

ఫిబ్రవరి 22

ఊళ్ళో ఇప్పుడు లైల్‌ని ఒక్క మాట అనేవాడు లేడు. ముద్దుబిడ్డ. మరి కొరకడానికి ఎవరు? నిన్న మన ఊళ్ళోనే జరిగిన ఆటలో జెరెల్‌కి బంతి అందినప్పుడల్లా సొంత జనమే ఊళ వేశారట. వాడి అమ్మని కూడా తిట్టారట, పేరుతో సహా.

ఈ రోజు భోజనానికి వచ్చాడు. ఒక్కసారే వడ్డించుకున్నాడు. లైల్ శుక్రవారం తను ఏం చెప్పబోతున్నాడో చెబుతున్నాడు. వాడు మధ్యలో, "కోచ్, మీరు బర్ట్‌గానే ఉండాల్సింది" అన్నాడు. మెల్లగా అన్నాడు. కోపం లేదు. అదే తట్టుకోలేకపోయాను.

లైల్ ఉప్పు అందుకున్నాడు. కూరలో ఉప్పు సరిపోయింది.

వెళుతూ గుమ్మం దగ్గర జెరెల్ నాకు రెండు టికెట్లిచ్చాడు. సీజన్ చివర జరిగే టోర్నమెంట్‌కి వాళ్ళమ్మకి సెలవు దొరకలేదట. "మీరొస్తారా మేడమ్? మనవాళ్ళు ఒక్కళ్ళన్నా ఉంటే బాగుంటుంది" అన్నాడు. ఈ ఏడాది వాళ్ళ ఆటకి పోనని ఒట్టు పెట్టుకున్నాను. వస్తానన్నాను.

మార్చి 1

తొమ్మిదో స్థానం. ఐదు నెలలు కుక్కల్లా కొట్లాడుకున్నది దీనికి.

మార్చి 5

టోర్నమెంట్ మొదటి ఆట, ఓడితే ఇంటికే. లైల్ పక్కన కూర్చున్నాను. డెల్ మా ముందు వరసలోనే. చూడకూడదనుకుంటూనే చూశాను. చివరికొచ్చేసరికి స్కోరు సమం. జెరెల్‌కి రెండు ఫ్రీ త్రోలు, ఎవరూ అడ్డు రాకుండా బుట్టలో వేసుకోవచ్చు. రెండూ రింగుకి తగిలి బయటికొచ్చాయి. అవతలివాళ్ళు వెళ్ళి బంతి బుట్టలో వేశారు. అయిపోయింది.

చూసుకుంటే నేను లేచి నిలబడి ఉన్నాను. గొంతు మండుతోంది. జెరెల్ మీద ఏమని అరిచానో రాయను. క్లినిక్‌లో ఏ పిల్లాడైనా ఆ మాటంటే వాళ్ళమ్మని పిలిపిస్తాను. డెల్ వెనక్కి తిరిగి, "బాగా గడ్డి పెట్టావమ్మా" అన్నాడు.

ఆ గోలలో వాడికి వినపడి ఉండదులే అంటున్నాడు లైల్.

వినపడింది. మా వరస వైపే చూశాడు.