సాంచా ఆగిన చోట

హైదరాబాద్

ప్రియమైన బాపుకు,

నర్మద దండాలు. ఫోన్ చేద్దామంటే, నువ్వు బట్ట నేసే ఆ కరెంటు సాంచాల మోత నీ చెవులను ఎప్పుడో తినేసింది. కన్నతల్లి కదా అని అవ్వతో చెప్పిద్దామంటే నేను పది మాటలు చెప్తే నీకు చేరేవి రెండు, అందులో ఒకటి అవ్వ సొంతం. అందుకే ఉత్తరం.

సినిమా పూర్తయింది బాపూ! కౌబాయ్ సినిమానే, కానీ సిరిసిల్ల టాకీసులో నువ్వు ఈలలు వేసి చూసిన రకం కాదు. రంగులు లేవు, అంతా నలుపు తెలుపే. మా డైరెక్టర్ వెంకటేశ్‌ది బెల్లంపల్లి. "బొగ్గు ఊరికి రంగులెందుకక్కా?" అంటాడు. వయసులో ఉండగా ఒక గుర్రాన్ని దొంగిలించిన మనిషి, ముసలితనంలో దాని మనవరాలిని తోలుకుని, అసలు యజమానికి అప్పగించడానికి వస్తాడు. కథంతా ఆ ప్రయాణమే. నడుముకు తుపాకీ ఉంటుంది, అందులో గుండు ఉండదు. జైనూర్ గుట్టలు దాటి, మూతపడిన బొగ్గు బాయిల పక్కనుంచి తెల్ల గుర్రం నడిచి వస్తుంటే చూడాలి!

సంగీతం నాది. పోయిన దసరాకు నేను కార్ఖానాలో మైకు పెట్టుకుని కూర్చుంటే "గీ లొల్లి ఎందుకే పట్టుకపోతున్నవ్?" అని నవ్వావు చూడు, ఆ లొల్లే. నీ సాంచా చప్పుడును జర నిదానం చేస్తే అచ్చం గుర్రం నడక. మొదటి నుంచి చివరిదాకా అదే నడుస్తుంది, మధ్యమధ్య ఒంటి తీగ మోగుతుంది. చివర్లో ముసలాయన గోడకు ఆనుకుని కూర్చుంటాడు, కళ్ళు తెరిచే ఉంటాయి. వెంకటేశ్ అక్కడ ఏడుపు సంగీతం కావాలన్నాడు. నేను వద్దన్నాను. సాంచా ఆగిపోతుంది, అంతే. ప్రాణం పోయిందని జనానికి దానితోనే తెలియాలి. తెలియకపోతే తప్పంతా నాదే. ఈ ఒక్కదాని కోసం వాడితో కొట్లాడాను.

వచ్చే ఆదివారం కరీంనగర్‌లో పొద్దుటి ఆట. నువ్వు రావాలి.

నీ బిడ్డ,
నర్మద


సిరిసిల్ల

చిరంజీవి నర్మదకు బాపు దీవెనలు.

నీ ఉత్తరం కార్ఖానాలో అందరికీ చదివి వినిపించాను. వాళ్ళకు ఎంత వినపడిందో దేవుడికెరుక, అందరివీ నా లాంటి చెవులే, పెదవులు చూసి మాట పట్టుకోవడమే. రాయమల్లు మాత్రం "నీ బిడ్డ హీరోయినా?" అన్నాడు. కాదంటే, "మరేం పని జేస్తది?" అన్నాడు. చాయ్ హోటల్లోనూ ఇదే ప్రశ్న. సంగీతం అంటే పాటలు పాడుతుందా అంటారు. సాంచా చప్పుడు అంటే నవ్వుతారు.

నా సాంచాను సినిమాకెక్కించావు. దానికి నూనె వేస్తున్నప్పుడల్లా ఇప్పుడు జర గర్వంగా చూస్తున్నాను. కానీ నేను రాను బిడ్డా. కోపం తెచ్చుకోకు. నలుగురు నవ్వితే చూసి నవ్వాలి, చప్పట్లు కొడితే చూసి కొట్టాలి. బయటికొచ్చాక ఎవరన్నా "బిడ్డ సంగీతం ఎట్లున్నది?" అంటే ఏం చెప్పను? మంచిగుందంటే అబద్ధం. వినపడలేదంటే నువ్వు చిన్నబోతావు. నీ పనిని నేనే వినలేకపోతే ఆ బాధ ఇంట్లోనే ఉండనీ, హాలుదాకా తేవడం ఎందుకు?

మీ అవ్వ నా మీద కయ్యిమని లేచింది. "ఇనవడకుంటే కండ్లన్న లేవా? నడువు!" అంటోంది. ఆమెను పంపుతాను.

మీ బాపు,
సాంబయ్య


హైదరాబాద్

నా మొండి బాపుకు,

రానని రాసి వచ్చావు! ఒక్కడివే కాదు, కార్ఖానా నుంచి రాయమల్లు మామను, గంగయ్య మామను కూడా వెంటేసుకుని. నేను వెనక నిలబడి తెరను చూడలేదు, మీ తలలనే చూశాను. తెర కింద పెద్ద స్పీకర్లు, వాటి ముందే మీ ముగ్గురూ చెప్పులు విడిచి కూర్చున్నారు. అవ్వ మాత్రం చెవులు మూసుకుని వెనక వరుసకు వచ్చేసింది.

ఆ చివరి ఘట్టం. ముసలాయన గోడకు ఆనుకున్నాడు. సాంచా ఆగింది. హాలంతా నిశ్శబ్దం. జనానికి అర్థమైందో లేదో తెలియక ఒక్కో తలనూ వెతుక్కుంటున్నాను. అప్పుడు నువ్వు లేచి నిలబడ్డావు. నీ కుడిచెయ్యి తెరవైపు చాచి ఉంది. నీ వెంటే మామలిద్దరూ లేచారు. మిమ్మల్ని చూసి ఆ వెనక వరుస, దాని వెనక వరుస... హాలు మొత్తం లేచింది బాపూ. వెంకటేశ్ నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. "నువ్వే గెల్సినవక్కా" అన్నాడు. మర్నాడు పేపర్లో రాశారు: ముసలి దొంగకు ఒక ప్రేక్షకుడు చెయ్యెత్తి వీడ్కోలు పలికాడని, హాలంతా లేచి మౌనం పాటించిందని. ఆ ముక్క దీంతో పంపుతున్నాను.

కానీ నేను ముందుకొచ్చేసరికి మీరు లేరు. "నీ బాపు బస్టాండుకు ఉరికిండు" అని అవ్వ తిట్టుకుంటూ బయల్దేరింది. ఎందుకు వెళ్ళిపోయావు? ఏమీ వినపడక మనసు కష్టపెట్టుకున్నావా? మొండిగా పిలిచి నిన్ను నొప్పించానా? ఊరంతా మెచ్చుకుంటున్నా నాకు ఈ ఒక్కటే ముల్లులా ఉంది. నా కోసం అబద్ధం రాయకు.

నీ,
నర్మద


సిరిసిల్ల

ఓసి పిచ్చిదానా, దీవెనలు.

బాధపడి కాదే, సిగ్గుపడి పారిపోయాను!

నిజమే రాస్తున్నాను. నీ ఒంటి తీగ నాకు వినపడలేదు. మాటలూ వినపడలేదు. కానీ సినిమా చూసి మురిసిపోయాను. ఆ ముసలాయన ముఖం మీద గీతలు, బొగ్గు దిబ్బల మీద ఆ తెల్ల గుర్రం, ఎంత బాగా తీశాడు! రంగులుంటే అంత నిలిచేది కాదు. బొగ్గు దిబ్బల దగ్గరికి వచ్చేసరికి అరికాళ్ళ కింద ఏదో అదురుతోందని తెలిసింది. మొదట గుర్రమనుకున్నాను. తర్వాత కాళ్ళే గుర్తుపట్టాయి, అది మన సాంచా. రాయమల్లు నన్ను మోచేత్తో పొడిచాడు, వాడి కాళ్ళకూ తెలిసింది. ఇక ముగ్గురం కార్ఖానాలో ఉన్నట్టే కూర్చుండిపోయాం.

చెవులు పోయాక మా పని సాగేది కాళ్ళతోనే. ఒక్క సాంచా ఆగినా నేల అదురు మారుతుంది. అంటే పోగు తెగినట్టు. ఎక్కడున్నా, ఏం తింటున్నా లేచి ఉరకాలి, తెగినదాన్ని అతకాలి. అది ఒంటికి పట్టిన అలవాటు, దానికి బుద్ధితో పని లేదు.

అక్కడ నీ సాంచా ఆగింది. నేను లేచాను.

ఆ చెయ్యి వీడ్కోలుకు చాచింది కాదు బిడ్డా, పోగు కోసం చాచింది. రాయమల్లు వేళ్ళతో "తెగిందా?" అని సైగ చేశాడు. గంగయ్య నూలు చుట్టిన కండె కోసం జేబు తడుముకున్నాడు. ఎదురుగా చూస్తే సాంచా లేదు, తెర మీద ముసలాయన. కదలడం లేదు. అప్పుడు తెలిసింది, తెగింది పోగు కాదని. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కూర్చుందామని వెనక్కి చూద్దును కదా, హాలు హాలంతా నిలబడి ఉంది! మా వల్ల ఎంత పని జరిగిందని ముగ్గురం చెప్పులు చేత పట్టుకుని పక్క తలుపులోంచి జారుకున్నాం. మీ అవ్వను మరిచిపోయాం. దానికి ఇంట్లో ఇప్పటికీ శిక్ష నడుస్తోంది, పప్పులో ఉప్పు ఉండడం లేదు.

వెంకటేశ్‌కు ఇది చెప్తావో దాస్తావో నీ ఇష్టం. పేపర్ ముక్కను మాత్రం సాంచా పక్కన గోడకు అంటించాం.

నిన్న చాయ్ హోటల్లో ఎవరో మళ్ళీ అడిగారు, "సాంబన్నా, నీ బిడ్డ ఏం పని జేస్తది?" అని. నేను నోరు తెరిచేలోపే రాయమల్లు అందుకున్నాడు.

"చెవిటోళ్ళను లేపి నిలవెడ్తది" అన్నాడు.

గర్వంతో,
మీ బాపు