ఏ పేరుకూ తిరగని పాప

అక్టోబర్ 3, శుక్రవారం
ప్రార్థన అయ్యాక పాప వెనక నిలబడి "గ్రేస్" అన్నాను. తిరగలేదు. అత్తయ్య వెంటనే అందుకుంది — "నువ్వు గ్రేస్ అంటావ్, నేను బుజ్జమ్మ అంటా, మావోడు చిట్టితల్లి అంటాడు. ఏడాదైనా నిండని పిల్ల, ఏ పేరుకని తిరుగుద్దే?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అక్టోబర్ 4
ఈ వారమంతా గ్రేస్ ఒక్కటే పేరు. ఇంట్లో రూల్. ఆయన రెండు వారాల డ్యూటీకని సోహార్ ఊరికి కంపెనీ బస్సెక్కుతూ "చిట్టి..." అని నాలుక కరుచుకున్నాడు.

అక్టోబర్ 7
స్టీలు పళ్లెం కింద పడితే తిరిగింది! అత్తయ్య ముఖం వెలిగిపోయింది. పిలిస్తే మాత్రం — ఊహూఁ.

అక్టోబర్ 10
గ్రేస్. గ్రేస్. గ్రేస్. లేదు. పుట్టినప్పుడు చెవి పరీక్ష పాసయిందిగా. నేను పనిచేసే ఆసుపత్రిలోనే. మరి?

అక్టోబర్ 13
మా ఆసుపత్రిలో మళ్లీ చూపించాను. పాప నిద్రపోతేనే పరీక్ష. నిద్రపోదే! ఎత్తుకుని కారిడార్లో తిప్పి తిప్పి నా కాళ్లు లాగేశాయి. చివరికి భుజం మీదే నిద్రపోయింది. నుదుటికి, చెవుల వెనక వైర్లు అంటించారు. చెవుల్లో టిక్ టిక్ టిక్... స్క్రీన్ మీద అలలు వరసగా లేవాలి. పిచ్చిగీతలు.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. చెవి బాగుంది, శబ్దాన్ని పట్టుకుంటోంది. అక్కడి నుంచి నరం మోసుకెళ్లాలి. మెదడు అడుగున ఒక్కో మజిలీ దాటి పైన వినికిడి భాగానికి చేరాలి. ఆ నరం దగ్గరే లయ తప్పుతోంది. పళ్లెం చప్పుడైతే ఏదోలా చేరుతుంది, మాట చేరేసరికి చెదిరిపోతుంది. పుట్టినప్పటి పరీక్ష చెవిని మాత్రమే చూసిందట.

అర్థమైంది. అర్థం కాకపోయినా బాగుండేది.

అక్టోబర్ 14
నరం ఎలా ఉందో స్కాన్ తీస్తారు. బాగుంటే ఆపరేషన్ చేసి చెవి లోపల వినికిడి పరికరం పెట్టొచ్చు. నరమే సరిగా లేకపోతే... ఆ ముక్క ఫోన్లో ఆయనకు చెప్పలేకపోయాను. "మరి పళ్లేనికి తిరిగింది కదా?" ఆయనది అదే మాట, మళ్లీ మళ్లీ. అరిచాను. పెట్టేశాక ఏడ్చాను.

అక్టోబర్ 16
అత్తయ్య ఉపవాస ప్రార్థన మొదలుపెట్టింది. నాకేమో ఆకలీ ఎక్కువైంది, కోపమూ ఎక్కువైంది. డ్యూటీకెళ్లినా వార్డులో ఎక్కడా కుదురుగా నిలబడలేకపోతున్నాను.

అక్టోబర్ 17
స్కాన్ సోమవారం. పాపతో మాట్లాడటం మాత్రం మానొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. సాయంత్రం పప్పన్నం తినిపించాను. గిన్నె ఖాళీ అయ్యాక గానీ తెలియలేదు, ఒక్క మాటైనా అనలేదని. పాప అంతసేపూ నా నోటివంకే చూస్తూ ఉంది.